నరం తెగిన చేతిని మళ్ళీ పనిలోకి తెచ్చుకోవడం ఎలా: గాయమైన రోజు నుంచి గ్రాఫ్ట్ తర్వాత రెండేళ్ళ వరకు

మనం "నరం" అనే ఒక్క మాటను మూడింటికి వాడతాం. సెలైన్ ఎక్కించేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటాం, అది రక్తనాళం. కండను ఎముకకు కట్టిపట్టే తాడు లాంటి టెండన్‌ను కూడా నరమే అంటాం. మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు మోసే నర్వ్ కూడా నరమే. ఈ మాట దగ్గర జరిగిన పొరపాటు వల్ల నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

మూడేళ్ళ కిందట మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలికి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే మూయబోయాను. కుడి చేయి అద్దంలోంచి దూసుకుపోయింది. మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన, చిటికెన వేలి వైపు తెగింది. దగ్గర్లోని ఆసుపత్రిలో రక్తం ఆపి, కుట్లు వేసి, "నరం తెగిందమ్మా, కట్టేశాం, భయం లేదు" అన్నారు. వాళ్ళు కట్టింది రక్తనాళాన్ని. మేము విన్నది వేరు. చిటికెన వేలు మొద్దుబారి ఉంటే మత్తు ఇంజెక్షన్ ఇంకా దిగలేదనుకున్నాం, తర్వాత వాపు వల్ల అనుకున్నాం. ఆగస్టులో బోర్డు మీద లెక్కలు రాస్తుంటే సుద్దముక్క పదే పదే జారిపోయేది. చివరి రెండు వేళ్ళు కొక్కెంలా ముడుచుకుపోతుంటే అప్పుడు వేరే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. చిటికెన వేలి వైపు వెళ్ళే అల్నార్ అనే నరం పూర్తిగా తెగి ఉంది. సెప్టెంబర్‌లో కాలి నుంచి నరం తీసి చేతిలో వేశారు, దీన్నే గ్రాఫ్ట్ అంటారు.

మీకు గానీ మీ ఇంట్లో వాళ్ళకు గానీ ఇలాంటిది జరిగితే ఏ రోజు ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఇక్కడి నుంచి నరం అంటే నర్వ్ ఒక్కటే. మిగతా రెండింటినీ రక్తనాళం, టెండన్ అనే అంటాను.

గాయమైన రోజే, మత్తు ఇవ్వకముందే

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను మడతపెట్టి గట్టిగా నొక్కి పట్టండి, చేయి గుండె కంటే ఎత్తులో ఉంచండి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ అద్దొద్దు. కుట్టాల్సిన డాక్టర్‌కు ముందు వాటిని కడగడమే పెద్ద పని అవుతుంది. తాడుతో బిగించి కట్టి అలా వదిలేయడం ఇంకా ప్రమాదం.

కుట్లకు ముందు గాయం చుట్టూ మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. అది పడ్డాక మొద్దుతనం దెబ్బ వల్లో మందు వల్లో ఎవరూ తేల్చలేరు. అందుకే దానికి ముందే రెండు నిమిషాలు అడిగి తీసుకోండి. కళ్ళు మూసుకుని, పక్కనున్న వాళ్ళను దూదితో మెల్లగా తాకమనండి. చిటికెన వేలి కొసలో తెలియకపోతే అల్నార్ నరాన్ని అనుమానించాలి. చూపుడు వేలి కొసలో తెలియకపోతే మీడియన్. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, చేతి వెనక వైపు తెలియకపోతే రేడియల్. తర్వాత కదలిక చూడండి. వేళ్ళను విసనకర్రలా విప్పడం అల్నార్ పని. అరచేయి పైకి పెట్టి బొటనవేలిని నిటారుగా పైకి లేపడం మీడియన్ పని. మణికట్టునూ వేళ్ళనూ వెనక్కి ఎత్తడం రేడియల్ పని. మోకాలి బయటి పక్క దెబ్బ తగిలితే పాదం పైకి లేస్తుందో లేదో చూడండి.

ఒక మోసం ఉంది. నన్ను పిడికిలి బిగించమన్నారు, బిగించాను, బాగానే ఉందన్నారు. ముంజేతి కింది భాగంలో అల్నార్ నరం తెగినా పిడికిలి పడుతుంది, ఎందుకంటే వేళ్ళను ముడిచే కండలకు నరం కొమ్మలు అంతకంటే పైనే అందుతాయి. పిడికిలి పడింది కదా అని ఇంటికి రావొద్దు. ఒక కాగితాన్ని బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య పట్టుకుని, ఎవరినైనా లాగమనండి. బొటనవేలి కొస కణుపు వంగిపోతే అల్నార్ పనిచేయడం లేదన్న అనుమానం బలపడుతుంది.

చిన్నపిల్లలు తిమ్మిరి గురించి చెప్పలేరు. గాయం మానాక కూడా పిల్లాడు ఒక వేలిని వాడకుండా దాచుకుంటుంటే, గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఆడుకోనివ్వండి. మంచి వేళ్ళ కొసలు ముడతలు పడతాయి, నరం తెగిన వేలు నున్నగా ఉండిపోతుంది. ఆ వేలికి చెమట కూడా పట్టదు.

ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే ముందు డాక్టర్‌ను మూడు ప్రశ్నలు విడివిడిగా అడగండి. రక్తనాళం తెగిందా? టెండన్ తెగిందా? నర్వ్ తెగిందా? దేనికి ఏం చేశారో డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. మా ఇంట్లో ఆ రోజు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఎవరి దగ్గరికి, ఎంత తొందరగా

నరాలు అనగానే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తాం. పరీక్షకు అది మంచిదే, కానీ తెగిన నరాన్ని కుట్టేది ప్లాస్టిక్ సర్జన్ లేదా హ్యాండ్ సర్జన్, కొన్నిచోట్ల ఆర్థోపెడిక్ సర్జన్ లేదా న్యూరోసర్జన్. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వెల్లూరు సీఎంసీలో చేతి సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఖర్చు విషయం ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

ఎంత తొందరగా అన్నది దెబ్బను బట్టి ఉంటుంది. గాజు, కత్తి, కొడవలి లాంటి పదునైన వాటితో తెగి వేలు మొద్దుబారితే రోజుల్లోనే తెరిచి చూడాలి. మూడు రోజుల్లోపు అయితే రెండు కొసలనూ నేరుగా కలిపి కుట్టే అవకాశం బాగుంటుంది, గ్రాఫ్ట్ అవసరం రాకపోవచ్చు. మిషన్‌లో పడి నలిగి తెగితే, నరం ఎంతవరకు పాడైందో మొదట తెలియదు, అందుకే చాలాసార్లు మూడు వారాలు ఆగి చేస్తారు. చర్మం తెగకుండా లోపల నరం నలిగితే, ఉదాహరణకు భుజం కింద ఎముక విరిగి మణికట్టు వాలిపోతే, ఎక్కువ మందికి దానంతట అదే వస్తుంది. అప్పుడు మూడు నెలల వరకు పరీక్షలతో కనిపెట్టుకుని ఉంటారు. కనిపెట్టుకుని ఉండటం అంటే డాక్టర్‌కు చూపిస్తూ ఉండటం, ఇంట్లో కూర్చోవడం కాదు. పిరుదుకు ఇంజెక్షన్ చేసిన వెంటనే కాలంతా షాక్ కొట్టినట్టయి పాదం వాలిపోతే, అదీ నరం దెబ్బే, ఆ వారంలోనే చూపించండి.

కండలూ నరాలూ ఎంత పనిచేస్తున్నాయో చూసే ఈఎంజీ, నర్వ్ కండక్షన్ పరీక్షలు దెబ్బ తగిలిన మూడు వారాల తర్వాతే సరిగ్గా చెప్తాయి. నరం ఎలా చనిపోతుందో తెలిస్తే దీని కారణం తెలుస్తుంది.

తీగ, పందిరి

1850లో ఆగస్టస్ వాలర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలను కోసి చూశాడు. తెగిన చోటు నుంచి కొస వైపున్న పోగులన్నీ కొద్ది రోజుల్లో ముక్కలైపోయాయి. మనకూ అంతే. నరం తెగితే చేతి వైపున్న భాగంలోని పోగులు చచ్చిపోతాయి, వాటిని కప్పి ఉంచిన గొట్టాలు మాత్రం మిగులుతాయి. పోగులు పూర్తిగా చచ్చేదాకా పరీక్షలో తేడా సరిగ్గా కనపడదు, అందుకే ఆ మూడు వారాలు. అందుకే కరెంటు వైరు అతికించినట్టు నరం కుట్టగానే పని మొదలవ్వదు. పైనున్న కొస నుంచి కొత్త పోగు మొలిచి, ఆ ఖాళీ గొట్టాల్లోంచి మళ్ళీ వేలి దాకా పాకాలి.

మా పెరట్లో బీరపాదు ఉంది. తీగను కోస్తే పందిరి మీదున్నదంతా ఎండిపోతుంది, వేరు బతికి ఉంటే మళ్ళీ చిగురు వేసి అదే పందిరి పట్టుకుని పాకుతుంది. మధ్యలో పందిరి విరిగితే తీగ ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండ చుట్టుకుంటుంది. నరం కొసలో అలా ఉండ కట్టిన దాన్ని న్యూరోమా అంటారు, నా చేతిలో శనగగింజంత ఉండేది, తాకితే ప్రాణం పోయేది. గ్రాఫ్ట్ అంటే ఆ విరిగిన చోట పెట్టిన కొత్త పందిరి ముక్క. కాలి నుంచి తెచ్చిన నరంలోని పోగులు కూడా చనిపోతాయి, దాని గొట్టాలే మీ సొంత తీగకు దారి చూపిస్తాయి. "కాలి నరం చేతిలో ఎలా పనిచేస్తుంది?" అని మా అత్తగారు అడిగినప్పుడు ఇదే చెప్పాను.

ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవాల్సినవి

కొసలు దూరంగా ఉంటే లాగి ఎందుకు కుట్టరు అని నేనూ అడిగాను. లాగి బిగించి కుడితే నరానికి రక్తం అందదు, కుట్టు దగ్గర మచ్చ గట్టిపడి పోగులు దాటలేవు. వియన్నాకు చెందిన హన్నో మిల్లెసీ 1970ల్లో ఈ సంగతి గట్టిగా నిరూపించి, బిగువు లేకుండా మధ్యలో గ్రాఫ్ట్ పెట్టే పద్ధతిని స్థిరపరిచారు. ఈ రోజుకూ అదే దారి.

ఎక్కువగా తీసేది పిక్క వెనక నుంచి చీలమండ బయటి పక్కగా పాదానికి వెళ్ళే సూరల్ నరం. ఒక్కో కాలి నుంచి 30 సెంటీమీటర్లకు పైగా దొరుకుతుంది. ఇది స్పర్శ నరం, కండలను కదిలించేది కాదు. కాబట్టి నడకకు ఏమీ కాదు, పాదం బయటి అంచు మాత్రం మొద్దుబారుతుంది. ఆ మొద్దుతనం నెలలు గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది. నాకు పాడైన కొసలు కోసేశాక 4 సెంటీమీటర్ల ఖాళీ వచ్చింది. సూరల్ నరం సన్నగా ఉంటుంది, అల్నార్ లావు. అందుకని మూడు ముక్కలు పక్కపక్కన పేర్చారు. తర్వాత కుంచించుకుపోతాయని ఒక్కోదాన్ని నాలుగున్నర సెంటీమీటర్లు పెట్టారు. మొత్తం 14 సెంటీమీటర్లు తీశారు. మైక్రోస్కోప్ కింద వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టారు.

మీరు డాక్టర్‌ను అడగాల్సినవి: ఖాళీ ఎంత ఉండొచ్చు, నరం ఎక్కడి నుంచి తీస్తారు, గ్రాఫ్ట్ కాకుండా పక్కన పనిచేస్తున్న నరం కొమ్మను కలిపే నర్వ్ ట్రాన్స్‌ఫర్ నాకు మేలా, కదలిక ఎన్ని నెలలకు రావొచ్చు. చిన్న ఖాళీలకు కృత్రిమ గొట్టాలు, శుద్ధి చేసిన దాత నరాలు కూడా ఉన్నాయి. పెద్ద నరాల్లో ఖాళీ ఎక్కువైతే మాత్రం సొంత నరమే ఇప్పటికీ మొదటి మాట. సిగరెట్, బీడీ మానేయండి. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి. ఈ రెండూ నరం పెరుగుదలకు అడ్డం.

మొదటి మూడు వారాలు

చేతికి పిండికట్టు వేస్తారు. కుట్లు ఎంత సన్నవో తలుచుకుంటే కట్టును తడపాలనీ వదులు చేసుకోవాలనీ అనిపించదు. పడుకున్నప్పుడు రెండు దిళ్ళ మీద చేయి పెట్టండి, నడిచేటప్పుడు వేలాడదీయొద్దు. కట్టులో లేని వేళ్ళు, మోచేయి, భుజం రోజుకు నాలుగైదు సార్లు కదపండి. చేతి ఆపరేషన్ తర్వాత భుజం పట్టేసి బాధపడే వాళ్ళున్నారు. వేళ్ళు నీలంగా మారినా, కట్టు కింద నొప్పి పెరుగుతూ పోయినా, జ్వరం, చెడు వాసన వచ్చినా తెల్లారే దాకా ఆగకుండా వెళ్ళండి.

టేపు తీసుకుని లెక్క వేయండి

నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్ పెరుగుతుంది, నెలకు ఒక అంగుళం అనుకోండి. కుట్టు దాటడానికి మొదట మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. నా చేతిలో గ్రాఫ్ట్ మొదలైన చోటు నుంచి బొటనవేలి పక్కనున్న కండ దాకా టేపు పెడితే 20 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 200 రోజులు, ముందు ఒక నెల. దాదాపు ఏడున్నర నెలలు. చిటికెన వేలి కొస 27 సెంటీమీటర్లు, అంటే దాదాపు పది నెలలు. పిల్లల్లో ఇంతకంటే బాగా, తొందరగా వస్తుంది.

ఇప్పుడు రెండో లెక్క. నరం అందని కండ ఊరికే ఎదురుచూడదు, కరిగిపోతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటితే నరం వచ్చి చేరినా కండ అందుకోలేదు. నాకు ఏడున్నర నెలలకు ముందే పోయిన నాలుగు నెలలు కలిపితే పదకొండున్నర. గడువు అంచున చేరాను. స్పర్శకు ఇంత కచ్చితమైన గడువు లేదు, ఆలస్యంగానైనా కొంత వస్తుంది. బైక్ ప్రమాదంలో మెడ దగ్గర నరాలు తెగి చేయంతా వేలాడుతున్న కుర్రాళ్ళకు అక్కడి నుంచి అరచేయి దాకా ఎంత దూరమో చూడండి. అందుకే వాళ్ళను మూడు నెలల్లోపే బ్రాకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వచ్చే నరాల గుంపు) ఆపరేషన్లు చేసే సర్జన్‌కు చూపించాలి, ఆరు నెలలు దాటనివ్వకూడదు. "ఏడాది చూద్దాం, నరం కదా, మెల్లగా వస్తుంది" అని సలహా ఇచ్చే బంధువుల మాట ఈ ఒక్క విషయంలో వినొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

తీగ ఎంత దూరం పాకిందో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను చూస్తూ జూల్స్ టినెల్ అనే ఫ్రెంచి డాక్టర్ రాసిపెట్టాడు. చేతి కొస నుంచి పైకి నరం దారి వెంట వేలితో మెల్లగా కొడుతూ రండి. ఒకచోట కొట్టగానే చిటికెన వేలిలో కరెంటు పాకినట్టు జివ్వుమంటుంది. అదే పెరుగుతున్న కొస. నెలకొకసారి ఆ చోటు మణికట్టు గీత నుంచి ఎన్ని సెంటీమీటర్లో తేదీతో నోట్‌బుక్‌లో రాసుకోండి. ముందుకు జరుగుతుంటే దారిలో ఉన్నట్టే. రోజూ కొట్టి చూసుకోవద్దు, దిగులు తప్ప ఏమీ మిగలదు.

ఏమీ జరగనట్టుండే నెలల్లో రోజూ చేయాల్సిన పని

చాలామంది ఇక్కడే ఓడిపోతారు. ఆపరేషన్ అయిపోయింది, వేలు కదలదు, ఏడు నెలలు ఎదురుచూడాలి, వ్యాయామం ఎందుకు అనిపిస్తుంది. నరం వచ్చేసరికి కణుపులు బిగుసుకుపోయి ఉంటే వచ్చిన నరం ఏం చేస్తుంది?

అల్నార్ తెగిన చేతిలో వేళ్ళ మొదలు కణుపులు వెనక్కి విరిగినట్టయి, పై కణుపులు ముడుచుకుంటాయి. కట్టు తీసి, డాక్టర్ సరే అన్నాక ఇలా చేయండి. మంచి చేత్తో ఉంగరపు, చిటికెన వేళ్ళ మొదలు కణుపులను అరచేతి వైపు వంచి పట్టుకోండి. అలా పట్టుకునే ఉండి, పై కణుపులను మెల్లగా పూర్తిగా చాచండి. పది లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకు ఐదు పూటలు. నొప్పి పుట్టేలా లాగొద్దు. నేను కాఫీ కాగేటప్పుడు, స్కూల్లో ఇంటర్వెల్ గంటకు, రాత్రి వార్తలప్పుడు అని గుర్తులు పెట్టుకున్నాను.

నకల్ బెండర్ అనే స్ప్లింట్ (చేతికి ఆసరాగా తొడిగే పట్టీ) కూడా ఇదే పని చేస్తుంది. వేళ్ళ మొదళ్ళను వంచి పడుతుంది, అప్పుడు మంచిగా ఉన్న టెండన్లే పై కణుపులను చాచగలవు. రేడియల్ తెగి మణికట్టు వాలితే కాకప్ స్ప్లింట్, పాదం వాలితే చెప్పులో ఇమిడే ఫుట్ డ్రాప్ స్ప్లింట్. స్ప్లింట్ తీసిన ప్రతిసారీ చర్మం మీద ఎర్రటి మచ్చ చూడండి. ఇరవై నిమిషాల్లో పోకపోతే ఒరుసుకుంటోందని అర్థం, తీసుకెళ్ళి సరిచేయించండి.

ఫిజియోథెరపీలో కండకు కరెంటు పెడతారు. దానివల్ల ఎంత లాభమో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. చేయించుకోండి గానీ దాన్ని నమ్ముకుని వ్యాయామం మానొద్దు. మొద్దుబారిన చర్మం మీద వేడి ప్యాక్, మైనం వద్దని మీరే గుర్తుచేయండి. నాటు కట్టుతో బిగించడం అసలే వద్దు, మొద్దుబారిన చేయి బిగువును చెప్పలేదు.

చెమట పట్టని చర్మం ఎండి పగుళ్ళిస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పెట్టి, తుడిచి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయండి. మానిన కుట్టు మచ్చ మీద బొటనవేలితో గుండ్రంగా ఐదు నిమిషాలు రుద్దండి.

మొద్దుబారిన చేతికి కళ్ళే కాపలా

నాలుగో వారంలో వంటింట్లో మాడిన వాసన వస్తుంటే ఏంటా అని చూశాను. నా చిటికెన వేలి పక్క పెనం అంచుకు ఆనుకుని ఉంది. నొప్పి లేదు. బొబ్బ మానడానికి నెల పట్టింది.

పొయ్యి దగ్గర మంచి చేయి ముందు, మొద్దుబారినది వెనక. పట్టకారు, పొడుగు గరిటె, మందపాటి మసిగుడ్డ వాడండి. మీడియన్ దెబ్బతిన్న వాళ్ళకు బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారతాయి. అన్నం కలిపేది ఆ వేళ్ళే. వేడి అన్నంలో వేళ్ళు పెట్టే ముందు మంచి చేత్తో చూడండి, లేదా ఆ నెలలు చెంచాతో తినండి. ఇస్త్రీపెట్టె, బీడీ నిప్పు కూడా అంతే. ఉంగరాలు తీసేయండి. కాలి నరం దెబ్బతిన్న వాళ్ళు ఎండాకాలం గుళ్ళో చెప్పుల్లేకుండా రాతిబండల మీద ప్రదక్షిణ చేయొద్దు. సాక్స్ వేసుకుని చేస్తే దేవుడేమీ అనుకోడు. సూరల్ నరం ఇచ్చిన పాదానికి కూడా బయటి అంచున ఇదే జాగ్రత్త. బైక్ సైలెన్సర్‌కు ఆ కాలు తగలనివ్వొద్దు. రాత్రి పడుకునే ముందు చేతినీ పాదాన్నీ లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసుకోవడం పళ్ళు తోముకున్నంత అలవాటు కావాలి.

నొప్పి, మందులు

తీగ పాకే దారిలో జివ్వుమనడం, చీమలు పాకడం మామూలే. మండుతున్నట్టు నొప్పి వదలకుండా ఉంటే, చేయి వాచి రంగు మారి దుప్పటి తగిలినా ఓర్వలేకపోతే వెంటనే చెప్పండి, ఆలస్యమైతే అది మొండికేస్తుంది. దీనికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి డాక్టర్ రాస్తారు. మొదట్లో మగతగా ఉంటుంది, బండి నడపొద్దు. హఠాత్తుగా మానొద్దు. బి12 మాత్రలు దాదాపు అందరికీ రాస్తారు. ఒంట్లో బి12 తక్కువుంటే తప్పక వేసుకోవాలి. వాటివల్ల తీగ పరుగెడుతుందని మాత్రం ఆశపడొద్దు.

స్పర్శ తిరిగొచ్చేటప్పుడు

ముందు వచ్చేది నొప్పి, వేడి చల్లదనం. తర్వాత చర్మం మీద జరుపుతున్న స్పర్శ, ఆ తర్వాత కదలకుండా ఆనించిన స్పర్శ. ఏది ఎక్కడ తగిలిందో సరిగ్గా చెప్పగలగడం అన్నిటికంటే చివర. పోగులన్నీ పాత గొట్టాల్లోకే చేరవు, అందుకే ఉంగరపు వేలిని తాకితే చిటికెన వేలిలో తెలుస్తుంది. చేయి చెప్పే ఈ కొత్త భాషను మెదడు నేర్చుకోవాలి.

ఒక గిన్నెలో బియ్యం పోసి అందులో చింతగింజలు, బొత్తాలు, ఒక తాళంచెవి, రూపాయి, రెండు రూపాయల నాణేలు దాచండి. కళ్ళు తెరిచి ఒక్కోదాన్ని వేళ్ళతో తడిమి, పేరు పైకి చెప్పండి. తర్వాత కళ్ళు మూసి. తప్పైతే చూసి మళ్ళీ తాకండి. పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. నా కూతురు పక్కన కూర్చుని "అమ్మా, చింతగింజ కాదు, బొత్తం" అంటుంటే మొదటి నెల పదింటికి రెండు చెప్పాను. నాలుగో నెలకు ఏడు.

కండ మొదటిసారి మెదలడం కంటికి కనపడీ కనపడనట్టు ఉంటుంది. అది కనపడిన రోజు నుంచి పని మారుతుంది: ముందు బరువు లేకుండా వేళ్ళను బల్ల మీద పక్కకు జరపడం, తర్వాత వేళ్ళ మధ్య కాగితం పట్టడం, చపాతీ పిండి ముద్ద పిసకడం, చివరికి బట్టల క్లిప్పులు నొక్కడం. అలిసిన కండను ఇంకా పీడించొద్దు, కొంచెం కొంచెం ఎక్కువసార్లు.

అనుకున్న సమయానికి రాకపోతే

నోట్‌బుక్‌లో ఆ జివ్వుమనే చోటు మూడు నాలుగు నెలలుగా కదలకుండా గ్రాఫ్ట్ కింది కుట్టు దగ్గరే ఆగిపోతే సర్జన్‌కు చూపించండి. వ్యవధి ఉంటే నర్వ్ ట్రాన్స్‌ఫర్ చేయొచ్చు. వ్యవధి మించినా టెండన్ ట్రాన్స్‌ఫర్ ఉంది: బాగా పనిచేస్తున్న ఒక కండ టెండన్‌ను తీసి, చచ్చుబడ్డ పనికి మళ్ళించడం. 1940ల చివర్లో వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టర్ కుష్టు వల్ల ముడుచుకుపోయిన చేతులను ఇలాగే తెరిచారు. దీనికి కణుపులు మెత్తగా ఉండాలి, బిగుసుకున్న వేలికి ఎవరి టెండన్ ఇచ్చినా లాభం లేదు. పైన చెప్పిన ఐదు పూటల వ్యాయామం ఇక్కడా అక్కరకొస్తుంది.

నా సంగతి చెప్పాలంటే, ఆపరేషన్ అయి రెండేళ్ళు దాటింది. చిటికెన వేలికి వేడి తెలుస్తుంది, సూది గుచ్చితే తెలుస్తుంది, చీర అంచును పట్టు అనో నూలు అనో చెప్పలేను. వేళ్ళు సగం విప్పుతాను. బోర్డు మీద రాస్తాను, ఎక్కువసేపు రాస్తే సుద్ద ఇప్పటికీ జారుతుంది. స్పర్శ మూడో ఏడాదిలోనూ కొంచెం మెరుగవుతుందన్నారు, బియ్యం గిన్నె ఇంకా అటక ఎక్కించలేదు.

చలికాలం ఒక్కటి మీకు ముందే చెప్పాలి. నరం తెగి అతికిన చేయి చలికి ఓర్వదు, వేళ్ళు తెల్లబడి సలుపుతాయి, ఇది ఏళ్ళ తరబడి ఉండొచ్చు. డిసెంబర్ పొద్దున్నే బండి మీద వెళ్ళేటప్పుడు ఉన్ని తొడుగు వేసుకోండి, చన్నీళ్ళలో అంట్లు తోమకండి. చేయి గడ్డకట్టినట్టుంటే మంట దగ్గర కాచుకోకుండా చంకలో పెట్టుకోండి, మీ ఒంటి వేడికి బొబ్బ రాదు.